ప్రార్థనకొచ్చిన బండి

కుందూ నది పొంగి నంద్యాల బజార్లలో మోకాలి లోతు నీళ్ళు పారిన ఏడు ఉంది గదా, దాని తర్వాత ఆరో ఏడు జరిగిన సంగతి ఇది. ఏప్రిల్ నెల, మంగళవారం, మిట్టమధ్యాహ్నం. నంద్యాలనుంచి ఇంటికి వస్తుంటే, బత్తలూరు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగా బాలస్వామి పాత కారు ఒకసారి దగ్గింది, ఇంకోసారి దగ్గింది, రోడ్డు పక్కకు జరిగి ఆగిపోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది.

వెనక సీట్లో ఆయన భార్య ఆదెమ్మ కాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది.

"ఏందీ, నిలబడిపోయిందా?" అంది.

బాలస్వామి దిగి బానెట్ ఎత్తాడు. నీళ్ళ పైపు నిలువునా చీలింది.

ఆదెమ్మకు రెండు కిడ్నీలూ పని చేయడం మానేసి పధ్నాలుగు నెలలు. మంగళవారం, శుక్రవారం నంద్యాల ఆసుపత్రిలో నాలుగేసి గంటలు మిషను మీద పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆళ్ళగడ్డనుంచి పోను నలభై కిలోమీటర్లు, రాను నలభై. మిషను మీదినుంచి లేచాక ఆమెకు కళ్ళు తిరుగుతాయి, బస్సు మెట్లు ఎక్కలేదు. ఒక పూట తప్పితే కాళ్ళు ఉబ్బుతాయి. రెండు పూటలు తప్పితే ఊపిరాడదు. ఇది డాక్టరు చెప్పిన మాట. బాలస్వామి ఆ మాటను ఎవరితోనూ అనలేదు గాని, ఒక్క రోజు కూడా మరిచిపోలేదు.

కొడుకు ప్రభాకర్ ఆళ్ళగడ్డలో విత్తనాల అంగట్లో పని చేస్తాడు. ఫోను చేస్తే వాడు ఆటో తీసుకుని వచ్చేటప్పటికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఆదెమ్మ రెండుసార్లు వాంతి చేసుకుంది. చెట్టు లేదు, నీడ లేదు. బాలస్వామి కారు తలుపు తెరిచి పట్టుకుని, తన ఒళ్ళు అడ్డం పెట్టి ఆమె ముఖం మీద ఎండ పడకుండా నిలబడ్డాడు. లారీలు పోతూ ఉంటే కారు ఊగింది. మూడో లారీ పోయినాక ఆదెమ్మ కళ్ళు మూసుకుని, "నేను ఈడనే పోతే ఇంటికి తీస్కపోవద్దు, పూడ్చేదానికి మళ్ళా మోయాల" అంది. నవ్వించడానికే అంది. ఆయనకు నవ్వు రాలేదు.

ఆ కారుకు పంతొమ్మిదేళ్ళు. బాలస్వామి బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి, ఊపిరితిత్తులు బాగలేక మానుకుని, ఆ కారు కొనుక్కుని అహోబిలం యాత్రికులను తిప్పాడు. మీటరు మూడు లక్షల ఎనభై ఏడు వేల దగ్గర ఆగిపోయి రెండేళ్ళయింది. ఆగినాక ఎంత తిరిగిందో లెక్క లేదు.

"ఇంక ఈ కారొద్దు నాయనా" అన్నాడు ప్రభాకర్ ఆ సాయంత్రం. "ఎత్తు బండి తీసుకుందాం. ఏడు సీట్లది. అమ్మ వంగకుండా ఎక్కుతాది, కాళ్ళు చాపుకొని పండుకుంటాది. వానొస్తే మన వంక గూడా దాటొచ్చు."

వాళ్ళ కాలనీకీ చర్చికీ మధ్య వంక ఉంది. సిమెంటు రోడ్డు అక్కడ గుంతలోకి దిగి మళ్ళీ లేస్తుంది. పాత కారు పొట్ట ప్రతిసారీ అక్కడ రాసుకునేది.

బాలస్వామి తలూపాడు. ఆయన తలూపితే ఇంట్లో అది కాగితం మీద సంతకం లాంటిదే.

*

మెకానిక్ దాదా ఖలందర్ కొత్త పైపు వేస్తే శుక్రవారం ఆ కారే మళ్ళీ నంద్యాల పోయింది. ఆదెమ్మ మిషను మీదినుంచి లేచాక ముగ్గురూ ఇంతియాజ్ దగ్గరికి పోయారు. ఇంతియాజ్ పాత బండ్లు కొని అమ్ముతాడు. రేకుల షెడ్డు కింద పది పన్నెండు బండ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి.

"రా ప్రభాకరన్నా. రాండి పెద్దాయనా. అమ్మా, నువ్వు ఫ్యాను కింద కూచో. చల్లనీళ్ళు తాగుతావా?"

"నాకు నీళ్ళు లెక్క నాయనా. దినానికి మూడు గ్లాసులే" అంది ఆదెమ్మ.

ఇంతియాజ్ ముఖం ఒక్క క్షణం మారింది. ఆ తర్వాత వాళ్ళను నేరుగా మూలనున్న బూడిదరంగు బండి దగ్గరికి తీసుకుపోయాడు. పెద్ద బండి. అద్దంలా మెరుస్తోంది.

"ఇది చూడండి. డాక్టరు బండి. ఒక్క చెయ్యి. యాభై ఎనిమిది వేలే తిరిగింది. దీంట్లో ఎక్కింది ఆయన, ఆయన టిఫిన్ క్యారీరు, అంతే."

ప్రభాకర్ మీటరు చూశాడు. నిజంగానే యాభై ఎనిమిది వేలు. మూడు లక్షల ఎనభై ఏడు వేలు చూసి చూసి అలవాటైన కళ్ళకు అది పసిబిడ్డలా కనిపించింది. టైర్లు కొత్తవి. ఏసీ వేస్తే రెండు నిమిషాల్లో చలి పుట్టింది.

ఆదెమ్మ లేచి వచ్చింది. కాలు ఎత్తి పెట్టింది, ఇంకో కాలు పెట్టింది, వంగలేదు, మూలగలేదు. మధ్య సీట్లో కూర్చుని, వెనక్కి వాలి, కళ్ళు మూసుకుంది. తర్వాత నవ్వింది. పధ్నాలుగు నెలల్లో మిషను మీదినుంచి లేచిన రోజు ఆమె నవ్వడం బాలస్వామి చూడలేదు.

"నేనింక దిగను. నన్ను కలిపి బేరం చేస్కోండి" అంది.

అందరూ నవ్వారు. బాలస్వామి వెనక తలుపు తెరిచి చివరి సీట్లు చూస్తున్నాడు. సీటును నేలకు బిగించిన బోల్టు చుట్టూ సందులో వేలు పెట్టాడు. గోటికి తెల్లగా ఏదో అంటుకుంది. బొటనవేలితో నలిపి చూశాడు.

రోడ్డు దుమ్మైతే గరుకుగా ఉంటుంది. చేను దుమ్మైతే నల్లగానో ఎర్రగానో ఉంటుంది. ఇది పిండిలా మెత్తగా, వేళ్ళ మధ్య జారిపోతోంది. ఇరవై ఆరేళ్ళు ఆయన అన్నంలోనూ నీళ్ళలోనూ పడిన సుద్ద అది. బండకు పాలిష్ పట్టేటప్పుడు నీళ్ళతో కలిసి తెల్లని బురదలా పారుతుంది. ఎండితే ఇలా అవుతుంది. బేతంచెర్లలో కొందరు ఇటువంటి బండ్ల వెనక సీట్లు ఊడబెరికి, తడి ఆరని బండలు పేర్చి ఇళ్ళకు చేరవేస్తారు. ఏడుగురు మనుషులు ఎక్కాల్సిన బండికి లారీ బరువు ఎత్తుతారు.

డాక్టరు బండిలో పాలిష్ సుద్ద ఎందుకుంటుంది?

ఉండొచ్చు గదా, అనుకున్నాడు. డాక్టరు ఇల్లు కట్టుకుంటూ నాలుగు బండలు వేసుకొచ్చి ఉండొచ్చు. ఈ చుట్టుపక్కల ఆ సుద్ద అంటని బండి యాడుంది? ఇంకో బోల్టు సందులో వేలు పెట్టాడు. అక్కడా ఉంది.

"ఏం పెద్దాయనా, ఏమీ అనకపోతివి? ఎట్లుంది బండి?" అన్నాడు ఇంతియాజ్.

"మా నాయన నోట్లోంచి మాట రావాలంటే తోసి స్టార్ట్ చేయాల భాయ్" అన్నాడు ప్రభాకర్.

బాలస్వామి ఆదెమ్మ వైపు చూశాడు. ఆమె ఇంకా ఆ సీట్లోనే ఉంది. అరచేత్తో సీటును నిమురుతోంది. ఆయన వేలు పంచెకు తుడుచుకుని, తలూపాడు.

అడ్వాన్సు ఇచ్చారు. బండికి పాలిష్ కొట్టించి గురువారం ఇంటికి పంపేటట్టు, కాగితాలు శుక్రవారం చేసుకునేటట్టు, మిగతా దుడ్లు కాగితాలప్పుడు ఇచ్చేటట్టు మాట అయింది.

*

ఆదివారం చర్చిలో పాటలు అయినాక సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు తమకు చేసిన మేలును లేచి నిలబడి అందరి ముందూ చెప్పుకోవడం వాళ్ళ సంఘంలో ఆనవాయితీ. ఆదెమ్మ కుర్చీ పట్టుకుని లేచింది. ఆడవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఆమె లేచి నిలబడి ఏడాది దాటింది మరి.

"అందరికీ వందనాలు. పోయిన మంగళవారం నేను నడిరోడ్డు మీద ఎండలో పడింటి. దేవా, నన్ను ఈ రోడ్డు మీద ఇడిసిపెట్టొద్దయ్యా అని అడిగినా. మూడు దినాలు తిరగల్యా. శుక్రవారం నాకు బండి ఇచ్చినాడు. నా కాళ్ళు చాపుకొనేంత బండి. గురువారం సాయంత్రం మా ఇంటికాడ బండికి ప్రార్థన. మీరంతా రావాల."

"హల్లెలూయ" అన్నారు అందరూ. చప్పట్లు కొట్టారు. పాస్టరు ఎజ్రా అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆదెమ్మ ఇచ్చిన కృతజ్ఞతార్పణ కవరు పళ్ళెంలో పడింది.

మగవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న బాలస్వామికి చెమట పట్టింది. బండి ఇంకా ఇంటికి రాలేదు. కాగితాలు కాలేదు. అడ్వాన్సు ఇచ్చి వస్తే దేవుడు ఇచ్చేసినాడని చెప్పేసింది. చెప్పినాక వెనక్కి తీసుకోవడం ఎట్లా? దేవుడిచ్చింది వద్దనడం, ఇచ్చినాడన్న మాటే అబద్ధమనడం, రెండూ ఒకటే అవుతాయి. ఆ మాటలు అన్నది ఆదెమ్మ. రేపు అందరూ చూసేది ఆదెమ్మ ముఖమే.

లేచి నిలబడదామా అనుకున్నాడు. ఆయన ఆ చర్చిలో సాక్ష్యం చెప్పింది ఒక్కసారి కూడా లేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

మంగళవారం పాత కారులోనే నంద్యాల పోయి వచ్చారు. బాలస్వామి నలభై కిలోమీటర్లూ అద్దంలో ఆదెమ్మను చూశాడు, ఎదురుగా ఇంజను వేడి చూపే ముల్లును చూశాడు, రోడ్డును తక్కువ చూశాడు.

"ఇంక రెండు దినాలే. తర్వాత దీన్ని పాత ఇనుము కింద గుజిరీకి ఎయ్యి" అంది ఆదెమ్మ వెనకనుంచి.

*

గురువారం పొద్దున పది గంటలకు ఇంతియాజ్ మనిషి బండి తెచ్చి వాకిట్లో నిలబెట్టి తాళాలిచ్చి పోయాడు. కోడలు ప్రమీల సాయంత్రం వచ్చేవాళ్ళకు బజ్జీలకని మిరపకాయలు చీలుస్తోంది. బాలస్వామి "గాలి చూపిచ్చుకొస్తా" అని బండి తీశాడు. ఆ రోజు ఆయన ఇంట్లో మాట్లాడిన మొదటి మాట అది.

దాదా ఖలందర్ షెడ్డు ఆళ్ళగడ్డలో కడప పోయే రోడ్డు మీద ఉంది. ఖలందర్, బాలస్వామి ఒక వయసు వాళ్ళే.

"ఓహో, కొత్త పెండ్లికొడుకు వచ్చినాడే! ఏం సామన్నా, యాడ పట్టినావు దీన్ని?"

"కింద చూడు."

"టీ తాగినాక చూస్తాలే."

"ఇప్పుడు చూడు."

ఖలందర్ ఆయన ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. బండ్లను కిందనుంచి చూసే గుంత మీద బండిని నిలబెట్టించి లైటు పట్టుకుని కిందికి దిగాడు. రెంచితో ఇనుము మీద తట్టుకుంటూ ముందునుంచి వెనక్కి పోయాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్. వెనక చక్రాల దగ్గర చప్పుడు మారింది. ఠప్. మళ్ళీ తట్టాడు. ఠప్. స్క్రూడ్రైవరుతో నల్లరంగు గీకే చప్పుడు వినిపించింది. చాలాసేపు గీకాడు.

"దిగు సామన్నా. నువ్వే చూడు."

బాలస్వామి దిగాడు. బండినంతా మోసే ఇనుప చట్రం మీద, నల్లరంగు కింద, గొంగళిపురుగు పాకినట్టు వెల్డింగు గీత. అవతలి వైపు ఇంకొకటి.

"చాసీ ఇరిగింది. రెండు పక్కలా. అతికి రంగు కొట్టినారు" అన్నాడు ఖలందర్. "ఈ బండి మీద మనుషులు ఎక్కినట్ల లేదప్పా. బండలు ఎక్కినట్లుంది."

"ఎన్నాళ్ళు నిలుస్తాది?"

"అది నన్నడిగితే ఎట్ల, మీ అయ్యగార్ని అడుగు." ఖలందర్ నవ్వబోయి మానుకున్నాడు. "ఖాళీగా తిరిగితే ఏండ్లు నిలవొచ్చు. నిండా మనుషుల్ని ఎక్కిచ్చుకొని గుంతలో పడితే... ఆ దినమే పోవచ్చు. చెప్పలేం. నేనైతే మా హజీరాను దీంట్లో ఎక్కిచ్చను."

హజీరా ఖలందర్ భార్య. బాలస్వామి గుంతలోనే నిలబడి ఉన్నాడు.

"కొనేముందు నన్ను పిలిచింటే ఏం పోయా? ఒక్క ఫోను."

"నాకు తెల్సు."

"ఏం తెల్సు?"

"ఆ దినమే సుద్ద తగిలింది ఏలికి. పాలిష్ సుద్ద."

ఖలందర్ లైటు ఆర్పాడు. "మరి నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా? అప్పుడు చెప్పల్యా, ఇప్పుడు వచ్చి కింద చూడమంటాండావు. నీ నోరు కాదప్పా అది, తుప్పు పట్టి పూడిపోయిన సైలెన్సరు. పొగ రాదు, చప్పుడు రాదు."

బాలస్వామి బండిని నెమ్మదిగా, ఇరవై స్పీడులో, ఇంటికి తెచ్చాడు.

*

మధ్యాహ్నం మూడింటికి నడిచి కొడుకు పనిచేసే అంగడికి పోయాడు. విత్తనాల మూటల వెనక నిలబెట్టి నాలుగు మాటల్లో చెప్పాడు. ప్రభాకర్ ముఖం మొదట తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది.

"ఇప్పుడా నాయనా చెప్పేది? ఆ దినం తలూపితివే! నువ్వు తలూపితేనే గదా నేను అడ్వాన్సు తీసిచ్చింది?"

బాలస్వామి నేల చూశాడు.

"ఇంక మూడు గంటల్లో నలభై మంది వస్తాండారు. అయ్యగారు వస్తాండాడు. అమ్మ కొత్త చీర తీసిపెట్టుకుంది. వాళ్ళ ముందర ఇప్పుడు ఏమని చెప్పాల? దేవుడు ఇరిగిన బండి ఇచ్చినాడనా?" ప్రభాకర్ గొంతు తగ్గించాడు. "విను నాయనా. ప్రార్థన కానీ. బండి యాడికీ తీసుకపోం, వాకిట్లోనే ఉంటాది. రేపు పొద్దున నేను పోయి ఇంతియాజ్ మొగాన కొట్టి వస్తా. అమ్మకు మెల్లగా చెప్దాం, ఇంజనుకు ఏదో వచ్చింది, మార్చుకున్నాం అని. ఎవురికీ తెలీదు. నువ్వు ఏమీ మాట్లాడొద్దు, అంతే. నీకేం కష్టం, అలవాటే గదా."

ఆ మాట పడ్డా బాలస్వామికి కోపం రాలేదు. ప్రాణం కుదుటపడినట్టే అయింది. మాట్లాడకుండా ఉంటే చాలు. అది ఆయనకు వచ్చిన పని.

*

ఆరు గంటలకు వాకిలి నిండింది. బండి ముందు అద్దానికి ఎవరో రంగు రిబ్బను కట్టారు. ఆదెమ్మ నీలం చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. అయ్యగారు ఒక కీర్తన చదివాడు, బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. రాకపోకల్లో కాపాడమన్నాడు, రోడ్డు మీద కీడు రాకుండా దూతలను కావలి ఉంచమన్నాడు. బాలస్వామి కళ్ళు మూసుకోలేదు. ఆయన చూపంతా వెనక చక్రం మీదే ఉంది. ఆమేన్ అన్నప్పుడు ఆయన పెదవులు కదల్లేదు.

అయిపోయింది, ఇంక బజ్జీలు పెడతారు, పోతారు అనుకున్నాడు.

"ఇంగేంది, ఆదెమ్మక్కా? ఎక్కు" అంది ఎదురింటి సారమ్మ. "మొదటి తిరుగుడు మన చర్చి మందిరం కాడికే గదా. ఎజ్రా అయ్యగారి స్కూటరుకు కూడా ప్రార్థన అయినాక ఆడికే పోయినాం."

బాలస్వామి ప్రభాకర్ వైపు చూశాడు. ప్రభాకర్ నోరు తెరిచాడు. "ఈరోజు వద్దులే అత్తా, చీకటి పడ్తాది..."

"ఏం చీకటి, దీనికి లైట్లు లేవా? మీ నాయన తోలుతాడు. పదేండ్లు అహోబిలం కొండకు తోలినోడు మందిరం దాకా తోలలేడా?"

అంతలోనే ఆదెమ్మ ఎక్కి కూర్చుంది. ఆమె పక్కన సారమ్మ, సారమ్మ చెల్లెలు. వాళ్ళ ఒళ్ళో ఇద్దరు పిల్లలు. వెనక సీట్లోకి నలుగురు ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ దూరారు. "జరగమ్మా, నువ్వొక్కదానివే ఇద్దరి సీటు తిన్యావు" అని ఒకామె, "నీ కొడుకును టాపు మీద కూచోబెట్టు" అని ఇంకొకామె. అయ్యగారు ముందు సీట్లో బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బాలస్వామి చేతిలోకి తాళాలు ఎట్లా వచ్చాయో ఆయనకే తెలియలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు.

ఇంజను చప్పుడు లేకుండా మొదలైంది. ప్రభాకర్ కిటికీ దగ్గరికి వచ్చి, "నాయనా, మెల్లగా" అన్నాడు. వాడి కళ్ళు బిక్కుబిక్కుమంటున్నాయి.

లెక్కపెట్టాడు బాలస్వామి. పెద్దవాళ్ళు తొమ్మిది మంది, పిల్లలు ఇద్దరు. ఇక్కడినుంచి రెండు వందల గజాలు పోతే వంక. రోడ్డు గుంతలోకి దిగుతుంది, లేస్తుంది. దిగేటప్పుడు బరువంతా ముందుకు, లేచేటప్పుడు వెనక్కి పడుతుంది. ఠంగ్, ఠంగ్, ఠప్. నిలబడొచ్చు. పదేళ్ళు నిలబడొచ్చు అన్నాడు గదా ఖలందర్. లేదు, ఏండ్లు అన్నాడు. ఖాళీగా తిరిగితే అన్నాడు.

అద్దంలో చూశాడు. ఆదెమ్మ ముఖం కనిపించింది. ఒక పిల్ల ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి ఉంది.

బాలస్వామి ఇంజను ఆపాడు.

"దిగండి" అన్నాడు.

ఎవరికీ వినిపించలేదు. వెనక పాట ఎత్తుకున్నారు.

"దిగండి!" ఈసారి అరిచాడు. పాట ఆగిపోయింది. సారమ్మ ఒళ్ళో పిల్ల బెదిరింది. ఆయన అరవడం ఆ కాలనీలో ఎవరూ విని ఎరుగరు.

"ఏందీ బాలస్వామీ?" అన్నాడు అయ్యగారు.

"ఈ బండి చాసీ ఇరిగింది అయ్యగారూ. అతికి రంగు పూసినారు. దీంట్లో బండలు మోసినారు. దాదా ఖలందర్ చూసినాడు. నేను చూసినా." ఊపిరి పీల్చుకున్నాడు. "నాకు ఈరోజు తెలిసింది గాదు. పోయిన శుక్రవారమే అనుమానం వచ్చింది. చెప్పల్యా. ఆమె తప్పు ల్యా. నాదే. దిగండి."

ఒక్కొక్కరే దిగారు. ఎవరూ ఎవరి ముఖం చూడలేదు. నూనెలో బజ్జీలు మాడుతున్న వాసన వచ్చింది. ప్రమీల పొయ్యి దగ్గరికి పరుగెత్తింది.

చివరికి ఆదెమ్మ ఒక్కతే సీట్లో మిగిలింది.

"అదేందక్కా" అంది సారమ్మ, కిందనుంచి. "దేవుడిచ్చినాడని ఆదివారం చెప్తివి గదా?"

వాకిలంతా ఆ మాట దగ్గరే నిలబడింది. బాలస్వామి తలుపు తెరిచి చెయ్యి అందించాడు. ఆదెమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. తలుపు పట్టుకుని తనే దిగింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఇచ్చినాడు సారమ్మా" అంది. "బండి అడిగితే ఈ మనిసికి నోరిచ్చినాడు. ముప్పై తొమ్మిదేండ్లనుంచి ఉన్న అర్జీ అది. ముందు దాన్ని పాస్ చేసినాడు."

మొదట అయ్యగారు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. మాడినవి తీసేసి, మాడనివి తిని, వందనాలు చెప్పి పోయారు. సారమ్మ మాత్రం పోతూ పోతూ రెండుసార్లు వెనక్కి తిరిగి బండిని చూసింది.

అందరూ పోయినాక ఆదెమ్మ నవ్వు కూడా పోయింది. మంచం మీద కూర్చుంది. ఉబ్బిన కాళ్ళు చూసుకుంది. బాలస్వామి గడప దగ్గర నిలబడ్డాడు.

"శుక్రవారమే తెల్సునా నీకు?"

"ఊ."

"ఆదివారం నేను లేచి నిలబడినప్పుడు ఒక్క దగ్గు దగ్గింటే కూచోనుంటి గదా. దగ్గు గూడా రాల్యా నీకు?"

"నువ్వు నవ్వినావు" అన్నాడు బాలస్వామి. "ఆడ. సీట్లో కూచొని."

ఆదెమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

"నా నవ్వు కోసరం అంతమందిని వంకలో ఏస్తావా? పిల్లలు ఉండారే దాంట్లో." కొంచెం ఆగి, "రేపు మిషను ఉంది. ఎట్ల పోవాల?"

"పాత కారు."

"అది పోతాదా?"

ఆయనకు తెలియదు. తెలియదని చెప్పాడు.

*

మరుసటి రోజు పొద్దున ఐదు గంటలకే రేడియేటరులో నీళ్ళు నింపి, ఇంకో రెండు డబ్బాలు వెనక పెట్టి, బాలస్వామి ఆదెమ్మను పాత కారులో ఎక్కించుకుని బయల్దేరాడు. ప్రభాకర్ పెద్ద బండిని ఖాళీగా వెనక తోలుకొచ్చాడు. బాలస్వామి స్పీడు నలభై దాటనివ్వలేదు. బత్తలూరు దగ్గర ఆదెమ్మ, "ఈడనే గదా" అంది. ఆయన ఊపిరి బిగపట్టి ఆ చోటు దాటించాడు. ఏడింటికి ఆమెను మిషను మీద పడుకోబెట్టి, కొడుకును ఆమె దగ్గర కూర్చోమని, పెద్ద బండి తాళాలు తీసుకుని తనే ఇంతియాజ్ దగ్గరికి పోయాడు.

ఇంతియాజ్ అప్పుడే షెడ్డు తీస్తున్నాడు. బాలస్వామి ఆయన్ను బండి వెనక వైపుకు తీసుకుపోయి, వంగి చూడమన్నాడు. ఖలందర్ గీకిన చోట వెల్డింగు మెరుస్తోంది. ఇంతియాజ్ చాలాసేపు వంగే ఉన్నాడు. లేచినప్పుడు ఆయన ముఖం మీద కనిపించింది సిగ్గో భయమో బాలస్వామికి తేలలేదు.

"నాకు డాక్టరు బండి అనే చెప్పినారప్పా. నేను గూడా కింద చూడల్యా. మీటరు చూసినా, పైన చూసినా."

"అమ్మవద్దు దీన్ని. ఎవురికీ."

"అమ్మను." ఇంతియాజ్ చేత్తో ముఖం తుడుచుకున్నాడు. "నీ అడ్వాన్సు యాడికీ పోదు పెద్దాయనా. వేరేది చూడు. నీ ఇష్టం. ఇదో, ఈ తెల్లది రెండు చేతులు మారింది, గాని లక్షా పదివేలే..."

"మీటరు మాట వద్దు" అన్నాడు బాలస్వామి. "గోతం ఉంటే ఇయ్యి. లైటు ఇయ్యి. ఒక రెంచి."

ఇంతియాజ్ తెచ్చి ఇచ్చాడు. ఆదెమ్మ మిషను మీదినుంచి లేవడానికి ఇంకా మూడు గంటలుంది. షెడ్డులో పదకొండు బండ్లున్నాయి. బాలస్వామి మొదటి బండి పక్కన గోతం పరిచి, చొక్కా విప్పి తగిలించి, వెల్లకిలా పడుకుని, లైటు నోట కరుచుకుని, కిందికి జరిగి, ముందు చక్రం దగ్గరనుంచి ఇనుము మీద తట్టడం మొదలుపెట్టాడు.